ట్రావెల్ ట్రైలరా, ఫిఫ్త్ వీలా? ట్రక్కు ఎఫ్-150, మార్చిలో అత్తయ్య మామయ్య వస్తున్నారు

మెకిన్నీ_కిట్టు:

అందరికీ నమస్కారం. మేం డాలస్ పైన మెకిన్నీలో ఉంటాం. మూడేళ్ళుగా టెంటు వేసుకుని తిరుగుతున్నాం. పోయిన అక్టోబర్లో టైలర్ స్టేట్ పార్కులో రాత్రంతా వాన. పిల్లల పరుపులు తడిసిపోయాయి. తెల్లవారుజామున నాలుగింటికి నలుగురం ట్రక్కులో కూర్చుని హీటర్ వేసుకున్నాం. అప్పుడే మా ఆవిడ తేల్చేసింది, ఇంకోసారి టెంటు ఎత్తితే నువ్వొక్కడివే వెళ్ళు అని.

అందుకని ఇప్పుడు ట్రైలర్ల వేటలో పడ్డాం. ట్రక్కు 2021 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, 3.5 ఎకోబూస్ట్ ఇంజిన్, నాలుగు తలుపులది, వెనక సామాను వేసే బెడ్ ఐదున్నర అడుగులు. బ్రోషర్ ప్రకారం 11 వేల పౌండ్ల పైచిలుకు లాగుతుంది. రెండు నచ్చాయి.

ఒకటి ట్రావెల్ ట్రైలర్, అంటే ట్రక్కు వెనక బంపర్ దగ్గరి హిచ్‌కి (కొక్కేనికి) తగిలించేది. కొస నుంచి కొసకి 29 అడుగులు, జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో కలిపి మించకూడని బరువు, 6,800 పౌండ్లు. వెనక పిల్లలకి బంకు మంచాలు, ముందు క్వీన్ బెడ్.

రెండోది ఫిఫ్త్ వీల్, అంటే ముందు భాగం ట్రక్కు బెడ్ మీద ఆనేది. "హాఫ్ టన్ ట్రక్కు చాలు" అని స్టిక్కర్ అంటించారు, హాఫ్ టన్ అంటే మా ఎఫ్-150 లాంటివే. ఖాళీగా 7,300, జీవీడబ్ల్యూఆర్ 9,500. హాలు ఎత్తుగా, ఇల్లులాగే ఉంది. మా ఆవిడ లోపలికి వెళ్ళి సోఫాలో కూర్చుంది, లేవలేదు. ధర 14 వేల డాలర్లు ఎక్కువ.

డీలర్ దగ్గర అబ్బాయి "మీ ట్రక్కు 11 వేలు లాగుతుంది, ఇది 7,300, మధ్యలో ఎంత ఖాళీ ఉందో చూడండి" అంటాడు. పైగా ఫిఫ్త్ వీల్ రోడ్డు మీద ఊగదు అంటాడు. అది నిజమేనా?

మార్చిలో తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వస్తున్నారు, ఆరు నెలలుంటారు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. స్ప్రింగ్ బ్రేక్‌లో పాలో డ్యూరో లోయ పార్కు, కుదిరితే తర్వాత బిగ్ బెండ్ నేషనల్ పార్కు చూపించాలని. శనివారం అడ్వాన్సు కట్టాలి. సొంత అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లుబ్బక్_లచ్చన్న:

అన్నా, బ్రోషర్ అవతల పడెయ్. డ్రైవర్ దిక్కు తలుపు తెరువు. తలుపు మూసుకునే కాడ నిలువు కమ్మీకి టైర్ల సంగతి రాసిన పసుపు తెల్ల స్టిక్కర్ ఉంటది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించొద్దు అని ఓ నంబర్ ఉంటది దాని మీద. గా నంబర్ ఈడ రాయి. అది చూడకుంట ఎవ్వలు ఏం జెప్పినా ఉత్త ముచ్చటే.

మెకిన్నీ_కిట్టు:

ఇప్పుడే ఫోన్ లైటు వేసుకుని చూసొచ్చాను అన్నా. 1,547 పౌండ్లు. ఇంత తక్కువా? 11 వేలు లాగే బండికి?

గిత్తలబండి:

కిట్టూ, నాకు అరవై రెండు, చిన్నవాడివి కాబట్టి నువ్వనే అంటున్నా. మాది అద్దంకి దగ్గర పల్లె. ఇప్పుడు న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో ఉంటున్నా. ఆరేళ్ళు ట్రావెల్ ట్రైలర్ లాగాను, తర్వాత ఐదేళ్ళుగా ఫిఫ్త్ వీల్ లాగుతున్నా. రెండూ మంచివే. కానీ నీ ట్రక్కుకి ఒకటే సరిపోతుంది.

లాగడం వేరు, మోయడం వేరు. మా నాన్న ఎద్దుల బండిలో పొగాకు బేళ్ళు వేసేటప్పుడు బండి పక్కన నిలబడి చూసేవాడు. బరువంతా ఇరుసు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల గొంతుకి తాడు బిగుసుకుంటుంది. మరీ ముందుకి పడితే మెడ మీద పుండ్లు లేస్తాయి. అందుకని రెండు బేళ్ళు అటు జరపండి, ఒకటి ఇటు తియ్యండి అని, నొగలు చేత్తో ఎత్తి చూసుకుని అప్పుడు కట్టేవాడు. నేను ఇంజనీరింగ్ చదివి, అమెరికా వచ్చి, మూడో ట్రక్కు కొన్నాక గానీ ఆయన చేసింది ఏమిటో అర్థం కాలేదు.

ట్రావెల్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం నీ ట్రక్కు హిచ్ మీద కూర్చోవాలి. అంతకన్నా తక్కువైతే ఊగుతుంది, ఎక్కువైతే ట్రక్కు వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి. ఫిఫ్త్ వీల్ అలా కాదు. మన హైవేల మీద పెద్ద కంటెయినర్ లారీ ఉంటుందే, ముందున్న ఇంజిను బండి మీదికి వెనక పెట్టె వాలి ఉంటుంది, అదే పద్ధతి. బరువు బంపర్ వెనక వేలాడదు. బెడ్ మధ్యలో, వెనక ఇరుసు నెత్తిన పడుతుంది. దాని మోత కూడా ఎక్కువ, 20 శాతం అటూ ఇటూ. అందుకే అది దాదాపు ఊగదు. ఆ డీలర్ కుర్రాడు అందులో అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు లెక్క చూడు. మీ నలుగురూ ఎంత? పిల్లలు చిన్నవాళ్ళనుకుని 445 వేశాను. బెడ్‌లో కట్టెలు, పనిముట్లు, ఐస్ పెట్టె ఓ 100. నీ 1,547లో మిగిలేది సుమారు 1,000.

ఫిఫ్త్ వీల్‌ని ఖాళీగా ఎవడూ లాగడు. నీళ్ళు, గ్యాసు, బియ్యం, దుప్పట్లు, గిన్నెలు వేసేసరికి 8,500 అవుతుంది. అందులో 20 శాతం 1,700. బెడ్‌లో బిగించే హిచ్ ఇనుము ఓ 150. మొత్తం 1,850. మీ అత్తగారూ మామగారూ ఎక్కకముందే 850 పౌండ్లు ఎక్కువైపోయింది. ఆ "హాఫ్ టన్ చాలు" స్టిక్కర్ ఎవరో ట్రైలర్‌కి అంటించింది, 1,547 స్టిక్కర్ నీ ట్రక్కు చేసినవాడు అంటించింది. ఎవరి మాట వినాలో నువ్వే చూసుకో.

ట్రావెల్ ట్రైలర్ సామానుతో 6,000 అనుకో. 13 శాతం వేస్తే 780. బరువుని ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఓ 90. అంటే 870. ఇంకా 130 మిగిలింది. ఇరుకే, కానీ సరిపోతుంది.

అది ఊగడం గురించి అడిగావు కాబట్టి నా సంగతి చెప్తా. 2016 ఏప్రిల్. అప్పుడు నాదీ హాఫ్ టన్ ట్రక్కే, వెనక 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్. నువ్వు వెళ్ళబోయే దారే, 287 హైవే మీద, చిల్డ్రెస్ ఇంకా పాతిక మైళ్ళుందనగా. పాన్‌హ్యాండిల్‌లో, అంటే టెక్సాస్ ఉత్తరపు కొసలో, మార్చి ఏప్రిల్ గాలి సంగతి తెలుసుగా, పక్క నుంచి కొడుతుంది. ఓ లారీ దాటుకుపోయింది. అది దాటేటప్పుడు ముందు మనల్ని తోస్తుంది, దాటాక లాక్కుంటుంది. అంతే, వెనక తోక ఆడటం మొదలెట్టింది. ఒకసారి, రెండోసారి ఇంకా ఎక్కువ, మూడోసారి అద్దంలో ట్రైలర్ పక్క గోడ మొత్తం కనపడింది. కాలు బ్రేకు మీదికి పోతుంది, అదే చేయకూడనిది. ఎవరో పాతకాపు చెప్పింది గుర్తుండి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, డాష్ కింద బ్రేక్ కంట్రోలర్ మీట చేత్తో నొక్కాను. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడితే అది వెనక్కి గుంజి తిన్నగా అవుతుంది. అయింది. పక్కకి ఆపి దిగితే మోకాళ్ళు నా మాట వినలేదు. మా ఆవిడ అమరిల్లో దాకా మాట్లాడలేదు.

తప్పు ఎవరిదంటే నాదే. మనవళ్ళ సైకిళ్ళు నాలుగు తీసుకెళ్ళి వెనక బంపర్‌కి కట్టాను. పైగా మంచినీళ్ళ ట్యాంకు ఇరుసు వెనకాల ఉండే మోడల్ అది, ఇంటి దగ్గరే 50 గ్యాలన్లు నింపాను. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 400 పౌండ్ల పైన వెనకే పడింది. అమరిల్లోలో లారీలు తూచే క్యాట్ స్కేల్ మీద తూచి చూస్తే హిచ్ మీద బరువు 8 శాతం కూడా లేదు. మా నాన్న ఉంటే బండి పక్కన నిలబడి ఒక్క చూపుతో చెప్పేవాడు, వెనకమొగ్గురా అని.

ఫిఫ్త్ వీల్‌కి మారాక గాలికి భయం పోయింది. వేరే బాధలు వచ్చాయి. నాది 13 అడుగుల 2 అంగుళాల ఎత్తు. చిన్న ఊళ్ళో పెట్రోల్ బంకు కప్పు చూస్తే గుండె ఆగుతుంది. మలుపులో ట్రైలర్ చక్రాలు బాగా లోపలికి కోసుకొస్తాయి, ఓ బంకులో పసుపు రంగు సిమెంటు గుంజ నా పక్క రేకుని ఐదడుగులు గీసేసింది. ఓసారి విప్పేటప్పుడు టెయిల్‌గేట్ దించడం మర్చిపోయి ట్రక్కు ముందుకి నడిపాను. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, బాగు చేయించలేదు, మళ్ళీ మర్చిపోకుండా ఉంటుందని. నీ ఐదున్నర అడుగుల బెడ్‌కైతే మలుపులో ట్రైలర్ ముక్కు నీ వెనక అద్దాన్ని కొట్టకుండా జరిగే రకం హిచ్ చూసుకోవాలి. బెడ్ కూడా ఇంక నీది కాదు, హిచ్‌ది.

కాబట్టి తేడా 14 వేలు కాదయ్యా. ఫిఫ్త్ వీల్ కావాలంటే ముందు ఇంకా ఎక్కువ మోసే ఎఫ్-250 తరగతి ట్రక్కు కావాలి. అందులోనూ డీజిల్ తీసుకుంటే ఇంజిన్ బరువే మోతని తినేస్తుంది, స్టిక్కర్ మళ్ళీ చూసుకోవాలి. నేను అది తెలియక ఒకసారి కొని ఏడాదికే మార్చాను.

పాలో డ్యూరో గురించి భయపడకు. 1930ల్లో సీసీసీ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కుర్రాళ్ళు వేసిన దారి అది, లోయలోకి 10 శాతం వాలు. బరువు లాగేటప్పుడు వాడే టో మోడ్‌లో పెట్టి, పైనే గేరు తగ్గించి, ఇంజిన్‌తో దిగు. బ్రేకు తొక్కుతూ దిగావంటే కిందకొచ్చేసరికి కాలిన వాసనొస్తుంది. బిగ్ బెండ్‌లో చీసోస్ బేసిన్ రోడ్డుకి మాత్రం 20 అడుగులు దాటిన ట్రైలర్ తీసుకురావద్దని పార్కువాళ్ళే చెప్తారు. రియో గ్రాండె విలేజ్ దగ్గర ట్రైలర్ వదిలేసి, వట్టి ట్రక్కులో పైకి వెళ్ళండి.

హ్యూస్టన్_సుబ్బలక్ష్మి:

గిత్తలబండి గారు బరువుల లెక్క చెప్పారు, బాగుంది. కిట్టు గారూ, నేనొకటి అడుగుతాను. మీ ట్రక్కులో ముందు రెండు సీట్ల మధ్య కన్సోల్ ఉంటే సీట్లు ఐదే కదా. ఆరుగురు ఎక్కడ కూర్చుంటారు? దారిలో ట్రైలర్ లోపల ఎవరినీ కూర్చోబెట్టకండి, ఎంత సోఫా ఉన్నా సరే. మేం మా అమ్మానాన్న వచ్చినప్పుడు రెండో కారు వేసుకెళ్ళాం. పెద్దవాళ్ళకి అదే సుఖం, కావలసిన చోటల్లా ఆగుతారు. పైగా పెద్దవాళ్ళిద్దరి బరువూ ట్రక్కు లెక్కలోంచి పోతుంది.

మోకాళ్ళ నొప్పులన్నారు. ఫిఫ్త్ వీల్‌లో ఇంటిలా కనిపించేది ఆ ఎత్తు వల్లే, ఆ ఎత్తుకి మెట్లుంటాయి. చాలా మోడళ్ళలో బెడ్‌రూమూ బాత్‌రూమూ రెండూ మెట్ల పైనే. మా నాన్నగారు రాత్రి మూడుసార్లు లేస్తారు. చీకట్లో, కొత్త చోట, నిద్ర కళ్ళతో ఆ మెట్లు... నాకు ఊహించుకోవడానికే ఇష్టం లేదు. ట్రావెల్ ట్రైలర్‌లో లోపలంతా ఒకే నేల. బయటి నుంచి ఎక్కేందుకు మాత్రం రెండిట్లోనూ మెట్లు తప్పవు. నేల మీద గట్టిగా ఆనే రకం మెట్లున్నాయేమో చూడండి. వేలాడే మెట్లు ఊగుతాయి, అమ్మ వాటి మీద కాలు పెట్టనే లేదు. పక్కన పట్టుకునే పెద్ద హ్యాండిల్ కూడా ఉండాలి.

ముందున్న క్వీన్ బెడ్ పెద్దవాళ్ళకిచ్చేయండి. మీరిద్దరూ డైనింగ్ బల్ల దించి పడుకోండి. మంచానికి రెండు వైపులా నడిచే చోటుందా లేదా అని డీలర్ దగ్గరే చూసుకోండి, ఒక వైపు గోడకుంటే ఒకరు ఇంకొకరి మీంచి పాకాలి.

వంట సంగతి మగవాళ్ళెవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. ఆ సైజు ట్రావెల్ ట్రైలర్లు ఎక్కువగా 30 ఆంప్‌లవి. మొత్తం 3,600 వాట్లు. టెక్సాస్ ఎండలో ఏసీ ఒక్కటే 13 ఆంప్‌లు లాగుతుంది, కరెంటు మీద వేడినీళ్ళు పెడితే ఇంకో 12. దాని మీద ఇన్‌స్టంట్ పాట్ వేశానో లేదో చీకటి! వేడినీళ్ళు గ్యాసు మీద పెట్టుకోండి. లోపల తాలింపు వేయకండి. పొయ్యి మీద ఫ్యాను పేరుకే, పొగ అలారం వెంటనే మోగుతుంది, ఎండుమిరపకాయ ఘాటు పరదాల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. మేం ఒక ఊళ్ళో తాలింపు వేసిన సాంబారు వాసన మర్నాడు గాల్వెస్టన్‌లో కూడా వచ్చింది. బయట బల్ల మీద చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకోండి. తిన్నాక మాత్రం ఒక్క గిన్నె కూడా బయట వదలొద్దు. రాకూన్‌లు పులిహోర కూడా తింటాయి, నేను చూశాను.

ఇంకొకటి, సిగ్గుపడకుండా చెప్తున్నా. టాయిలెట్‌లో నీళ్ళు వాడే మన అలవాటు ట్యాంకుకి మంచిదే, నీళ్ళు తక్కువైతేనే అడుగున గడ్డ కడుతుంది. కానీ ట్యాంకు త్వరగా నిండుతుంది. 30 గ్యాలన్లు ఆరుగురికి రెండు మూడు రోజులే. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, అంటే టాయిలెట్ ట్యాంకు, తర్వాత గ్రే, అంటే స్నానం, గిన్నెల నీళ్ళది, ఆ సబ్బు నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. మా ఆయన మొదటిసారి తిరగేసి చేశాడు. ఇప్పటికీ ఆ గొట్టం నాకు చూపించడు.

లుబ్బక్_లచ్చన్న:

అక్కా, తాలింపు ముచ్చట నూటికి నూరుపాళ్ళు నిజం.

కిట్టన్నా, తిరగని రోజులల్ల ట్రైలర్ ఏడ పెడ్తవో సోంచాయించినవా? మా హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం, ఇంటి ముంగట రెండు రోజులు దాటనియ్యదు, మూడో రోజు పొద్దుగాల ఉత్తరం. మీ దిక్కు వడగండ్ల వాన ఎక్కువ, కప్పున్న స్టోరేజీ తీసుకో. నేను నెలకు 140 డాలర్లు కడుతున్న, మీ కాడ ఇంకింత ఉంటది. ఫిఫ్త్ వీల్ అయితే కప్పు ఎత్తు గూడ చూడాలె. ఇంకో మాట, ఏడాదికి రెండుసార్లు పైకెక్కి కప్పు మీద అతుకులకు సీలెంట్ చూసుకో. నీళ్ళు దిగితే గోడలోపల కట్టె కుళ్ళినాకనే నీకు తెలుస్తది. టైర్లు చూడనీకి కొత్తగున్నా సరే, పక్కన తారీఖు చదువు. ఆఖరి నాలుగు అంకెల్ల మొదటి రెండు వారం, తర్వాత రెండు ఏడాది. నాది ఆరేండ్ల టైరు ఐ-20 మీద పేలి చక్రం పైన రేకునంత చింపింది.

మెకిన్నీ_కిట్టు:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. శనివారం అడ్వాన్సు కట్టలేదు.

అదే రోజు పొద్దున అత్తయ్యతో వీడియో కాల్‌లో ఫిఫ్త్ వీల్ లోపలంతా చూపించింది మా ఆవిడ. అత్తయ్య అంతా చూసి, "బాగుందమ్మా, పైన ఆ గదిలో ఎవరు పడుకుంటారు?" అన్నారు. అంతే. సోఫా మీది మోజు అక్కడితో తీరింది.

తర్వాతి వారం వేరే చోట అదే ట్రావెల్ ట్రైలర్, రెండేళ్ళు వాడింది దొరికింది. కప్పు ఎక్కి చూశాను, ఒక మూల సీలెంట్ పగిలి ఉంది, అది చూపించి ధర తగ్గించాను. లచ్చన్నకి థాంక్స్. టైర్ల మీద తారీఖు ప్రకారం మూడేళ్ళవి.

నిన్న నలుగురం ఎక్కి, సామానంతా వేసుకుని, ట్రైలర్‌తో క్యాట్ స్కేల్ మీదికి వెళ్ళాం. తర్వాత ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కటే మళ్ళీ. హిచ్ మీద 790 వచ్చింది, ట్రైలర్ మొత్తం 6,060. అంటే 13 శాతం. ట్రక్కు మీద ఇంకా 90 పౌండ్ల చోటు మిగిలింది. లారీ డ్రైవర్ ఒకాయన వెనకాల వరసలో ఓపిగ్గా నిలబడి, నేను కాగితం చూసి నవ్వుతుంటే హారన్ కొట్టాడు.

అత్తయ్య మామయ్య మా ఆవిడతో కారులో వస్తారు. స్ప్రింగ్ బ్రేక్‌కి పాలో డ్యూరోలో మూడు రాత్రులు దొరికాయి. మంచినీళ్ళ ట్యాంకు పార్కుకెళ్ళాకే నింపుతాను గిత్తలబండి గారూ, సైకిళ్ళు ట్రక్కు బెడ్‌లోనే.

ఒక్కటే సందేహం. అత్తయ్య చిన్న వెట్ గ్రైండర్ కూడా తెమ్మంటున్నారు, రాయితో కలిపి పాతిక పౌండ్లు. 30 ఆంప్‌ల మీద తిరుగుతుందా?

హ్యూస్టన్_సుబ్బలక్ష్మి:

హాయిగా తిరుగుతుంది, దానికి కరెంటు చాలా తక్కువే పడుతుంది. మిక్సీతోనే ఇబ్బంది, పక్క సైటువాళ్ళు లేస్తారు. పిండి రాత్రి రుబ్బి పెట్టుకోండి, మార్చిలో ఆ లోయలో రాత్రుళ్ళు చలి, తెల్లారేసరికి పులవకపోతే నన్ననొద్దు.

గిత్తలబండి:

గ్రైండర్ ఇరుసుకి కాస్త ముందు, నేల మీద పెట్టి కట్టు. వెనక బంకుల కింద మాత్రం పెట్టకు.